సగటు స్త్రీకి మాత్ర మాత్రమే

మా సంస్థ కొలబద్దలు తయారుచేస్తుంది. బడిపిల్లల చెక్క స్కేళ్లు, బట్టల కొట్టు ఇనప గజాలు, యంత్రశాలల్లో వాడే ఇత్తడి బద్దలు, అన్నీ మావే. గేటు మీద ‘అందరికీ ఒకే కొలత’ అని నిలువెత్తు అక్షరాలతో రాసి ఉంటుంది. వేరే ఆఫీసుల్లో గోడ మీద రాసింది గోడ మీదే ఉంటుంది. మా దగ్గర అది గోడ దిగి వచ్చి మనుషుల నెత్తిన కూర్చుంటుంది.

ఒక ఏడాది ఉద్యోగులందరికీ చెప్పులు ఇచ్చారు. అందరికీ ఎనిమిదో నంబరు. నాది ఆరు. ముందు గుడ్డ కుక్కుకుని ఏడాది ఈడ్చాను. స్టోరు ఆఫీసరు గవర్రాజు గారిది పదకొండు. ఆయన మడమలు ఏడాది పొడుగునా నేల మీదే ఉద్యోగం చేశాయి. ఎవరూ నోరెత్తలేదు. కాళ్ల సంగతి కదా, కాళ్లబేరంతోనే సరిపెట్టుకున్నాం. ఈసారి వ్యవహారం కాళ్ల దగ్గర ఆగలేదు.

హైమావతి నా స్నేహితురాలు. పేరులోనే మంచు ఉన్న మనిషి. యాభై ఒకటో ఏట ఆ మంచుకు ఎసరు పెట్టినట్టయింది. ముట్లు ఆగిపోయి ఏడాది కావస్తోంది. రోజుకు ఎనిమిదిసార్లు గుండెల్లో పుట్టిన సెగ నడినెత్తికి ఎక్కేది. నిద్రలో దుప్పటి తన్నేయడం, కాసేపటికి చలేసి ఆ దుప్పటి కోసమే దేవులాడటం. ఇంట్లోవాళ్లు దుప్పటితో ఏదో తగాదా అనుకున్నారు.

ఆవిడ ఉద్యోగం సూక్ష్మ పరిశీలన. ఇత్తడి బద్ద మీద గీత వెంట్రుకవాసి జరిగినా భూతద్దంలోంచి పట్టేస్తుంది. ఇరవై ఏడేళ్లుగా ఆ కుర్చీ ఆవిడదే. పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకుని కూడా ఒక కన్ను మూసి చూసిందని మా ఆఫీసులో చెప్పుకుంటారు. ఇప్పుడు సెగ రాగానే భూతద్దం మసకబారేది. తుడిచేది. మళ్లీ మసకబారేది. జనవరిలో ఆవిడ పాస్ చేసిన బద్దలు రెండింటిని డిప్యూటీ డైరెక్టరు గారి గదిలో మాతృకతో పోల్చి చూస్తే అర మిల్లీమీటరు పొడుగు తేలాయి. మాతృక అంటే మా బద్దలన్నిటికీ తల్లిబద్ద. దాని మాటకు అప్పీలు లేదు. అలాంటిది మూడోది దొరికితే కుర్చీ ఖాళీ చేసి గేటు దగ్గర పాసులు రాయాలని మెమో వచ్చింది. మార్చి నెలాఖరున సమీక్ష.

“వెంట్రుకవాసి తేడా పట్టుకున్నదాన్నే శేషూ, ఇప్పుడు లారీ వచ్చిందో లేదో చూసి చీటీ రాయాలంట,” అంది హైమావతి. ఏడవలేదు. భూతద్దం తుడుచుకుంది.

మా సంస్థ ఆసుపత్రికి వారానికి రెండు రోజులు వచ్చే డాక్టరు షహనాజ్ గారు ఆవిడ చెప్పిందంతా అరగంట విన్నారు. మా ప్రహరీ గోడ లోపల ఒక మనిషి చెప్పేది ఇంకో మనిషి అరగంట వినడం నాకు తెలిసి అదే మొదలు. ఒంట్లో తగ్గిపోయిన హార్మోనును బయట నుంచి అందించే వైద్యం ఉందని డాక్టరుగారు చెప్పారు. మింగడానికి మాత్ర ఉంది, అంటించుకోవడానికి పట్టీ ఉంది, రాసుకోవడానికి జెల్ ఉంది. ఎవరికి ఏది అన్నది వాళ్ల ఒంటిని బట్టి, వాళ్ల ఇష్టాన్ని బట్టి. కొందరికి ఏదీ ఇవ్వకూడదు కూడా. హైమావతికి ఒంటికన్ను పనితోపాటు ఒంటిపక్క తలనొప్పి ఉంది కాబట్టి పట్టీ మేలన్నారు. గర్భసంచి ఉన్న మనిషి కాబట్టి దానికి తోడుగా ఇంకో మందు రాశారు. హైమావతికీ పట్టీయే నచ్చింది. వారానికి రెండుసార్లు అంటించుకుని ఆ సంగతి మరిచిపోవచ్చు. మరిచిపోవడం ఈమధ్య ఆవిడకు బాగా అలవాటైన విద్యే.

చిక్కల్లా ఏమిటంటే, ఆ పట్టీ మా ఊళ్లో ఏ మందుల షాపులోనూ దొరకదు. సంస్థ ఆసుపత్రే తెప్పించాలి. ఆసుపత్రి కొత్త వస్తువు తెప్పించాలంటే కమిటీ కూర్చోవాలి. మా దగ్గర కమిటీ కూర్చోవడం తేలిక, లేవడమే కష్టం.

దాని పేరు ‘రూప నిర్ణయ ఉపసంఘం’. సభ్యులు అయిదుగురు, అయిదుగురూ మగవాళ్లే. ఇందులో దురుద్దేశం ఏమీ లేదు. వస్తువు ఎవరికి ఇస్తారో వాళ్లు దాని నిర్ణయంలో ఉండకూడదని మా నిబంధన. చెప్పుల కమిటీలో కూడా అందరూ బూట్లు తొడుక్కునేవాళ్లే. నేను తపాలా విభాగం దాన్ని కాబట్టి చర్చ రాసుకోవడానికి నన్ను మూల కుర్చీలో కూర్చోబెట్టారు. నాకూ నలభై తొమ్మిది వచ్చాయి, నా సెగలు నాకున్నాయి. అయితే రాసుకునేవాళ్లకు చేయి తప్ప ఒళ్లుండదని సంస్థ నమ్మకం.

అధ్యక్షులు డిప్యూటీ డైరెక్టరు పట్టాభిరామారావు గారు. యాభై ఏడేళ్లు. చెడ్డవారు కాదు. కొలిచి మాట్లాడతారు, మాట్లాడి కొలుస్తారు, అంతే. ఏసీ పద్దెనిమిదిలో ఉన్నా మెడ చుట్టూ తువ్వాలు ఉండాల్సిందే. చర్చలో గొంతులు లేస్తే వెల్వెట్ పెట్టెలోంచి మాతృకను తీసి దాని కొసతో బల్ల మీద టకటకమని కొడతారు. పదకొండేళ్లుగా ఆ చప్పుడుకే మా సంస్థ నిశ్శబ్దంగా ఉంది.

ముందు పట్టీని పరిశీలించారు. దాన్ని ఎక్కడ అంటిస్తారని గవర్రాజు గారు అడిగారు. నడుము కింద అని, వివరించడానికి పిలిచిన డాక్టరుగారు చెప్పారు. స్టోరు నుంచి ఇచ్చిన వస్తువును ఏటా స్టాకు తనిఖీలో కంటితో చూసి టిక్కు పెట్టాలని, నడుము కింద ఉన్న స్టాకుకు టిక్కు ఎలా పెట్టేదని గవర్రాజు గారు నిజంగానే బెంగపడ్డారు. పాపం, ఆయన రిటైరయ్యే ముందు ఏ గొడవా వద్దనుకునే మనిషి. దానికి తోడుగా ఇంకో మందు కావాలంటే, ప్రయాణాల్లో తోడు తీసుకెళ్లే సౌకర్యం పై గ్రేడు వాళ్లకే ఉందని ఇంకో సభ్యుడు గుర్తు చేశారు.

తర్వాత జెల్. డాక్టరుగారు సీసా నొక్కి చేతికి రాసి చూపించారు. కమిటీ మొత్తం ముందుకు వంగి చూసి వెనక్కి వాలింది. పులుముకోవడం అనే కొలత మా ప్రమాణాల పుస్తకంలో లేదు. మోచేతి దాకా రాయాలా, భుజం దాకా రాయాలా, పొట్టిచెయ్యి వాళ్లకూ పొడుగుచెయ్యి వాళ్లకూ పూత ఒకే మందాన ఎలా ఉంటుంది అన్న ప్రశ్నల దగ్గర జెల్ జారిపోయింది.

ఆఖరుకు మాత్ర. గవర్రాజు గారు దాన్ని వెర్నియర్ స్కేలు దవడల మధ్య పెట్టి బిగించారు. రెండోదీ అంతే, మూడోదీ అంతే. అయిదు మొహాలూ ఒకేసారి వెలిగాయి. గుండ్రంగా ఉంది, గట్టిగా ఉంది, అన్నీ ఒకే కొలత. మింగితే ఏమవుతుందని ఎవరూ అడగలేదు. కొలవగలిగిన మందు దొరికాక కుదిరే మందు ఎందుకు?

డాక్టరుగారు ఊరుకోలేదు. హైమావతికి తలనొప్పి ఉందని, ప్యాకింగులో నాగమణికి గర్భసంచి తీసేశారు కాబట్టి ఆవిడకు తోడు మందు అక్కర్లేదని, క్యాంటీన్ నూకరత్నానికి ఏ మందూ వద్దని, కిటికీ దగ్గర ఒక ఫ్యాను చాలని, ఒక్కొక్కరిదీ ఒక్కో దారి అని వివరించారు. పట్టాభిరామారావు గారు బద్ద అందుకుని టకటకలాడించారు.

“డాక్టరుగారూ, మీరు సెలవిచ్చింది వైద్యపరంగా సబబే కావచ్చు. పరిపాలనాపరంగా అది అరాచకం. వ్యక్తులు మారుతూ ఉంటారు. సగటు మారదు. మనం వైద్యం చేయవలసింది సగటు స్త్రీకి.”

నేను రాసుకున్నాను. తీర్మానం: మాత్ర మాత్రమే. సగటు స్త్రీ ఎవరో తేల్చాక పంపిణీ. ఆ తేల్చే బాధ్యత సర్వేకు.

తేలేదాకా ఏం చెయ్యాలన్నది కూడా వాళ్లు మరవలేదు. మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది. ‘కార్యాలయ వేళలయందు సంభవించు దేహోష్ణ పెరుగుదలలను మహిళా ఉద్యోగులు వీలైనంతవరకు మధ్యాహ్న భోజన విరామమునకు సర్దుబాటు చేసుకొనవలెను.’

నూకరత్నం దాన్ని నాచేత చదివించుకుంది. చేతిలో గరిటెతోనే మొత్తం విన్నది.

“ఆయ్, బాగుందండి. మా పొయ్యికి కూడా ఓ కాయితం ఎట్టించండి, ఒంటిగంటకే మండమని. పాపం దానికి సదువు రాదు, మీరే సదివి చెప్పాల,” అంది.

వేడిగా ఉందని వేడుకుంటే మావాళ్లు వేడుక చేశారన్నమాట. ఆ వారమంతా హైమావతి పన్నెండున్నర నుంచి గడియారం వంక చూస్తూ సెగను బతిమాలింది. అది పదకొండుకే వచ్చి, మూడింటికి మళ్లీ వచ్చి, సరిగ్గా భోజన విరామంలో హాయిగా విశ్రాంతి తీసుకుంది.

ఇక సర్వే. మా ఫ్యాక్టరీలో ఒక ఆచారం ఉంది. ఏ కుప్పను కొలవాలన్నా ముందు అధ్యక్షుడి చేతి మీదుగా ఒక నమూనా ముక్కను ఒకటో నంబరు వేసి కుప్పలో కలపాలి. ఏ ముక్క మీదా పేరు ఉండదు, నంబరే. కొలిచేవాడికి అది ఎవరిదో తెలిస్తే చెయ్యి వణుకుతుందని పెద్దలు పెట్టిన పద్ధతి. అది బద్దలకు పెట్టిన పద్ధతి, మనుషులకు కాదని ఎవరికీ తోచలేదు. నలభై దాటిన ఆడ ఉద్యోగులం పంతొమ్మిది మందిమి. ఫారాలు ఇరవై అచ్చయ్యాయి. ఒకటో నంబరు ఫారం పట్టాభిరామారావు గారి ముందుకు వెళ్లింది.

ఫారంలో నలభై ఒక్క ప్రశ్నలు. అకారణంగా చెమట పడుతుందా? నిద్ర మధ్యలో మెలకువ వస్తుందా? ఎదుటివాళ్లు నెమ్మదిగా మాట్లాడితే కోపం వస్తుందా? కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరిచిపోతున్నారా? ఆయన మెడ తుడుచుకుంటూ, కళ్లజోడు కోసం జేబులు తడుముకుంటూ, అది నెత్తి మీద దొరికించుకుని, ఎంతో నిజాయితీగా నింపారు. నమూనా ముక్కలో అబద్ధం ఉంటే కుప్పంతా అబద్ధమవుతుందని ఆయన సిద్ధాంతం. ఇరవై మూడో ప్రశ్న దగ్గర కలం ఆగింది. గర్భసంచి ఉన్నదా? ఏ గడినీ ఖాళీ వదలకూడదన్నది కూడా ఆయన పెట్టిన నిబంధనే. కాసేపు కిటికీలోంచి చూసి, ముప్పై రెండేళ్ల సర్వీసు ఇచ్చిన ధైర్యంతో ‘పరిశీలనలో ఉన్నది’ అని రాశారు.

ఫారాలు కంప్యూటరు విభాగం వీరభద్రం గారికి వెళ్లాయి. మా లెక్కల్లో ఉన్నదానికి ఒకటి, లేనిదానికి సున్నా, పరిశీలనలో ఉన్నదానికి ముప్పాతిక. ఆయన అలాగే వేశారు.

ఈలోగా మార్చి సగమైపోయింది. హైమావతి ఒకనాడు నన్ను తోడు తీసుకుని పట్టాభిరామారావు గారి గదికి వెళ్లింది. మూడో బద్ద ఎప్పుడు దొరికిపోతుందోనని ఆవిడ ఒక్కో బద్దను నాలుగేసిసార్లు చూస్తోంది. చూసినకొద్దీ చెమట, చెమట పట్టినకొద్దీ మసక.

“సార్, నాకు తలనొప్పి ఉందండి. డాక్టరుగారు నన్ను చూసి రాశారండి ఆ పట్టీ. నేను నిద్రపోయి రెండు నెలలయింది. నా కుర్చీ పోయేలా ఉంది.”

ఆయన చాలా మర్యాదగా విన్నారు. సగం దాకా.

“అమ్మా, మీ ఒళ్లు మీ వ్యక్తిగతం. వ్యక్తిగత విషయాల్లో సంస్థ జోక్యం చేసుకోదు. సగటు విషయంలోనే చేసుకుంటుంది. సగటుకు నిద్ర పట్టనివ్వండి, మీకూ అదే పడుతుంది.”

హైమావతి మెట్లు దిగింది. కింద గేటు పక్కన పాసులు రాసే గది కిటికీ వంక ఒక కన్ను మూసి చూసింది. అది ఎంత వెడల్పో కొలుచుకుంటోందని నాకు అర్థమైంది. ఆ రోజు నాకు జోకు రాలేదు.

మార్చి ఇరవయ్యో తారీఖున సమావేశ మందిరంలో ‘సగటు స్త్రీ ప్రకటనోత్సవం’. బ్యానరు కట్టారు. వెండి పళ్లెంలో ఒక మాత్ర, పక్కన గాజు గ్లాసులో నీళ్లు. లెక్కకు దగ్గరగా వచ్చిన ఉద్యోగిని మొదటి మాత్ర మింగి పథకాన్ని ప్రారంభించాలి. మర్నాటి నుంచి మిగతావాళ్లందరం అదే బాట. మింగని వాళ్లకు ఆ పూట గైర్హాజరు వేస్తారు.

వీరభద్రం గారు సగటు స్త్రీని చదివి వినిపించారు. వయసు నలభై తొమ్మిదిన్నర. పిల్లలు ఒకటి పాయింట్ ఏడు. గర్భసంచి ముప్పాతిక. జీవిత భాగస్వామి సున్నా పాయింట్ ఎనిమిది. ఈ ఆఖరుదాని దగ్గర ఆడవాళ్ల వరసలో గుసగుసలు లేచాయి. రెండు పాళ్లు తక్కువైన ఆ మొగుడు తన మొగుడేనని నలుగురైదుగురు పోటీపడ్డారు.

“వీరందరిలో సగటుకు అతి సమీపంగా ఉన్న ఫారం,” అని వీరభద్రం గారు గొంతు సవరించుకున్నారు, “చెమటలో సమానం, నిద్రలేమిలో సమానం, కోపంలో సమానం, మతిమరుపులో సమానం. గర్భసంచి విషయంలో సంపూర్ణ ఏకీభావం. వయసు ఒక్కటి ఏడున్నరేళ్లు ఎక్కువ. ఒక్క గడిలో తేడాను సహించవచ్చని పుస్తకం చెబుతోంది. ఫారం నంబరు ఒకటి.”

ఒకటో నంబరు ఎవరమ్మా అని మందిరం అంతా మెడలు తిప్పింది. మా పంతొమ్మిది మందిలో ఎవరమూ లేవలేదు. ఒకటో నంబరు ఎవరి చేతి మీదుగా కలుస్తుందో సంస్థలో అందరికీ తెలుసు. అయినా తెలుసుకోవడానికి అర నిమిషం పట్టింది. ఆ అర నిమిషంలో పట్టాభిరామారావు గారు మెడ రెండుసార్లు తుడుచుకున్నారు.

డాక్టరు షహనాజ్ గారు పళ్లెం ఆయన ముందుకు జరిపారు. ఆవిడ మొహంలో ఒక్క గీత కదలలేదు.

“ఇది నాకెందుకండీ?” అన్నారు పట్టాభిరామారావు గారు.

“నాకు తెలియదు సార్. నేను మిమ్మల్ని చూడలేదు. కమిటీ చూసింది కదా.”

“నాకు బీపీ ఉంది. ఏది పడితే అది ఎలా మింగుతానండీ? ఒకరి ఒంటికి పడింది ఇంకొకరి ఒంటికి పడాలని ఎక్కడుంది? ఎవరికి ఏది నప్పుతుందో వాళ్లను చూసి డాక్టరు చెప్పాలి, దానికి వాళ్లు ఒప్పుకోవాలి. అంతేగాని సగటుని తెచ్చి నోట్లో వేస్తారా?”

నేను మూల కుర్చీలోంచి లేచాను.

“రాసుకోమంటారా సార్?”

ముప్పై రెండేళ్ల అలవాటు మనిషి కన్నా ముందు నోరు తెరుస్తుంది. “రాసుకోండి,” అన్నారు. రాసుకున్నాను, అక్షరం పొల్లుపోకుండా. కాగితం జరిపితే సంతకం కూడా అలవాటుగానే పడింది. పడ్డాక చూసుకున్నారు. చూసుకుని, చెరిపెయ్యమనలేదు. అందుకే ఆయన చెడ్డవారు కాదన్నాను.

హైమావతి పట్టీ కోసం రాసిన అర్జీకి ఆ మాటలనే జత చేసింది. ‘సగటు స్త్రీ స్వయంగా సెలవిచ్చిన ప్రకారం’ అని మొదలుపెట్టి. దాన్ని కాదనగల అధికారి మా సంస్థలో లేడు. మాత్ర తీర్మానం అటకెక్కింది. నాలుగు రోజుల్లో పట్టీ వచ్చింది, తోడు మందూ వచ్చింది. పట్టీ పట్టగానే పండగేమీ రాలేదు. రెండు వారాలు ఓపిక పట్టమని డాక్టరుగారు ముందే చెప్పారు. అయితే ఆ వారం చివర్లో ఒకరాత్రి దుప్పటి ఎక్కడిది అక్కడే ఉందని హైమావతి వచ్చి నాతో చెప్పింది, పిల్లకు ఫస్టు క్లాసు వచ్చినంత సంబరంగా.

నెలాఖరు సమీక్షకు గవర్రాజు గారు, పట్టాభిరామారావు గారు, రాసుకోవడానికి నేను. బల్ల మీద జనవరి నాటి బద్దలు రెండు. పట్టాభిరామారావు గారు మాతృకను తీసి పక్కన పెట్టారు. అర మిల్లీమీటరు. కళ్లకు కనిపిస్తోంది. హైమావతి తన భూతద్దం తీసింది. దాని మీద మసక లేదు. తప్పు ఒప్పుకోవడానికే వచ్చిన మనిషి, ఒప్పుకునే ముందు తన తప్పును ఒకసారి సరిగ్గా చూసుకుందామని ఒక కన్ను మూసి వంగింది.

చాలాసేపు చూసింది. బద్దల్ని కాదు. మాతృక కొసని.

“సార్, ఇది అరిగిందండి,” అంది.

ఆయనకు అర్థం కాలేదు. ఆవిడ భూతద్దం ఆయన చేతికిచ్చింది. తల్లిబద్ద కొస చప్పరించిన బిళ్లలా గుండ్రంగా ఉంది. పదకొండేళ్ల కమిటీలు, పదకొండేళ్ల టకటకలు. నా బద్దలు పొడుగు కావండి, ఇది పొట్టి, అని హైమావతి నెమ్మదిగా చెప్పింది. రెండు నెలలు తనను తాను తిట్టుకున్న మనిషి, జనవరి బద్దలు రెండింటినీ దగ్గరకు తీసుకుంది. గదిలో నిశ్శబ్దం. దాన్ని తెప్పించడానికి ఎవరూ బల్ల కొట్టనక్కర్లేకపోయింది.

మెమో వెనక్కి తీసుకున్నారు. ‘మాతృకయందు వయసురీత్యా సంభవించిన మార్పుల దృష్ట్యా’ అని అందులో కారణం రాశారు. ఆ వాక్యం నేనే టైపు చేశాను. చేస్తున్నంతసేపూ పళ్లు బిగబట్టాను.

ఇప్పుడు హైమావతికి పట్టీ, నాకు జెల్, నూకరత్నానికి కిటికీ దగ్గర ఫ్యాను. డాక్టరుగారు పరీక్షలు చేయిస్తే పట్టాభిరామారావు గారి చెమటకు, కోపానికి థైరాయిడ్ కారణమని తేలింది. ఆయనకు మాత్ర రాశారు. మాత్ర మాత్రమే.

నిన్న మరో కమిటీ కూర్చుంది, ఈసారి హైమావతితో సహా. అరిగిన మాతృకకు ఏ వైద్యం చెయ్యాలన్నది చర్చ. కొసకు ఇత్తడి పట్టీ వెయ్యాలని ఇద్దరు, ఇత్తడి పూత పూయాలని ఇద్దరు. గొంతులు లేచాయి. పట్టాభిరామారావు గారి చెయ్యి అలవాటుగా వెల్వెట్ పెట్టె దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది. ఆయన హైమావతి వైపు తిరిగి, మీరేమంటారు అని అడిగారు.

హైమావతి కుర్చీ ముందుకు జరుపుకుంది.

“ముందు దాన్ని చూడనివ్వండి సార్,” అంది, ఒక కన్ను మూస్తూ.